గోడ మీద మగతనం

పాత ఢిల్లీ సందుల్లో వందేళ్లకు పైగా ‘బలహీనత’కు మందులు అమ్ముతున్నారు. ఆ బలహీనత గుండె చేస్తున్న తొలి హెచ్చరిక కావచ్చన్న సంగతి మాత్రం ఏ గోడ మీదా కనిపించదు.

ఫరీదాబాద్ దాటాక రైలు నెమ్మదిస్తుంది. హైదరాబాద్ నుంచి ఒక పగలూ ఒక రాత్రీ ప్రయాణం చేసి వచ్చినవాళ్లు దుప్పట్లు మడిచి, సంచులు సర్దుకుని కిటికీల దగ్గర చేరతారు. రాజధాని వాళ్లకు ముందుగా కుతుబ్ మీనార్ రూపంలోనో, పార్లమెంటు భవనం రూపంలోనో దర్శనమివ్వదు. ముందు గోడలు వస్తాయి. తుగ్లకాబాద్, ఓఖ్లా, నిజాముద్దీన్... పట్టాల పక్కన ఫ్యాక్టరీల ప్రహరీలు, గోదాముల వెనక భాగాలు, రెండు గదుల ఇళ్ల పెరటి గోడలు. వాటికి సున్నం కొట్టి, దాని మీద మనిషెత్తు హిందీ అక్షరాలు రాయడం దశాబ్దాలుగా సాగిన వ్యాపారం. హిందీ అంతంతమాత్రంగా వచ్చిన తెలుగు ప్రయాణికుడికి కూడా రెండు మాటలు కూడబలుక్కోగానే విషయం బోధపడుతుంది. ఒకటి ‘గుప్త్ రోగ్’, రెండోది ‘మర్దానా కమ్‌జోరీ’. రహస్య వ్యాధులు, మగవాడి బలహీనత.

పక్క గోడ మీదే మరో ప్రసిద్ధ ప్రకటన ఉండేది: ‘రిష్తే హీ రిష్తే’. సంబంధాలే సంబంధాలు. ఒక గోడ పెళ్లి కుదురుస్తానంటుంది, తర్వాతి గోడ ఆ పెళ్లిని నిలబెడతానంటుంది. ఢిల్లీలో గోడలను పాడుచేయడాన్ని నిషేధిస్తూ 2007లో చట్టం వచ్చాక కొన్నిటికి కొత్త రంగులు పడ్డాయి, కొన్నిటి మీద బొమ్మలు వెలిశాయి. ప్రకటనలు చాలావరకు సెల్‌ఫోన్ తెర మీదకు మారాయి. కానీ పట్టాల పక్కన పాత అక్షరాలు ఇంకా పూర్తిగా చెరిగిపోలేదు.

తెలుగువాళ్లకు ఇది మరీ వింత అనిపించదు. మన దగ్గర దీనికి పేరు ‘నరాల బలహీనత’. బస్టాండు మూత్రశాల గోడ మీద అంటించిన పసుపు కాగితం, సినిమాహాలు పక్క సందులో కట్టిన బ్యానరు, ‘ఫలానా తేదీన ఫలానా లాడ్జిలో ఫలానా నంబరు గదిలో కలవగలరు’ అనే కరపత్రం. ఊరు మారినా సరుకు అదే. పేరు పెట్టి చెప్పుకోలేని ఇబ్బందిని ముందు రహస్యం చేయాలి, తర్వాత ఆ రహస్యానికి ధర కట్టాలి.

ఇబ్బంది నిజమైనదే. వైద్యుల భాషలో అది అంగస్తంభన సమస్య. తృప్తికరమైన కలయికకు చాలినంత గట్టిదనం రాకపోవడం, వచ్చినా నిలవకపోవడం, అదీ ఎప్పుడో ఒకసారి కాకుండా తరచూ జరగడం. అమెరికాలోని మసాచుసెట్స్‌లో 40 నుంచి 70 ఏళ్ల మధ్య మగవాళ్లను పరిశీలించి 1994లో ప్రచురించిన ప్రసిద్ధ అధ్యయనంలో 52 శాతం మందికి ఏదో ఒక స్థాయిలో ఈ సమస్య ఉన్నట్టు తేలింది. ఇద్దరిలో ఒకరికి ఉన్నదాన్ని గుప్త రోగం అనడమే విచిత్రం. అయినా ఈ గుట్టు ఎలా కట్టుకుందో, దాని పక్కనే అసలు వైద్యం ఎలా నడిచిందో చూడాలంటే ఢిల్లీ కంటే మంచి చోటు లేదు. మెట్రో పసుపు మార్గంలో చావ్‌డీ బజార్ స్టేషన్ నుంచి తొమ్మిదో స్టేషన్ ఎయిమ్స్. ఆ మధ్య దూరాన్ని దాటలేకే చాలామంది మగవాళ్లు ప్రమాదంలో పడుతున్నారు.

లాల్ కువాఁ: అక్కడే మందు, అక్కడే దావా

భూగర్భంలో బాగా లోతున ఉన్న చావ్‌డీ బజార్ స్టేషన్ నుంచి మెట్లెక్కి బయటపడితే హౌజ్ ఖాజీ కూడలి. సైకిల్ రిక్షాలు, పెళ్లి శుభలేఖల దుకాణాలు, ఇత్తడి సామాన్లు, తల మీద వేలాడే కరెంటు తీగలు. అక్కడి నుంచి లాల్ కువాఁ వైపు నడిస్తే యునానీ దవాఖానాల వాసన మొదలవుతుంది. గులాబీ నీరు, సోంపు, తేనెలో నానిన మూలికలు కలిసిన వాసన అది. ఈ ప్రాంతంలోనే 1906లో హకీం అబ్దుల్ మజీద్ హమ్‌దర్ద్ దవాఖానాను ప్రారంభించారు. వేసవి దాహానికి రూహ్ అఫ్జా ఇచ్చిన సంస్థగా దేశానికి తెలిసిన పేరు. దేశ విభజన తర్వాత ఆయన పెద్ద కొడుకు అబ్దుల్ హమీద్ ఢిల్లీలోనే ఉండిపోగా, చిన్న కొడుకు మహమ్మద్ సయీద్ కరాచీ వెళ్లి అక్కడా హమ్‌దర్ద్‌ను నిలబెట్టారు.

యునానీ వైద్యంలో పురుష శక్తికి సంబంధించిన లేహ్యాలు ఒక పెద్ద వరస. వాటిని మాజూన్ అంటారు. గింజలు, బాదం వంటి పప్పులు, కుంకుమపువ్వు, తేనె కలిపిన గోధుమరంగు ముద్ద. ఆయుర్వేదంలోనూ ఎనిమిది అంగాల్లో ఒకటి వాజీకరణం. వాజి అంటే గుర్రం. అంటే ఈ దేశపు వైద్యం ఈ విషయాన్ని ఎన్నడూ సిగ్గుపడి దాచలేదు, జ్వరం, దగ్గుల సరసన కూర్చోబెట్టింది. గుట్టు వచ్చింది వైద్యుడి వల్ల కాదు, ప్రకటన వల్ల.

స్వాతంత్ర్యం వచ్చిన తొలి ఏళ్లలో పత్రికల్లో ఇలాంటి ప్రకటనలు ఎంత పెరిగాయంటే పార్లమెంటు 1954లో ‘ఔషధాలు, మాయా చికిత్సల చట్టం’ తెచ్చింది. అది 1955 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. లైంగిక సామర్థ్యాన్ని పెంచుతామని మందుకు ప్రకటన ఇవ్వడం ఆ చట్టం ప్రకారం నేరం. మొదటిసారి పట్టుబడితే ఆరు నెలల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. రెండోసారి అయితే ఏడాది.

ఈ చట్టాన్ని సవాలు చేసినవారిలో హమ్‌దర్ద్ దవాఖానా ఒకటి. మందు గురించి చెప్పుకోవడం వాక్ స్వాతంత్ర్యం కాదా అన్నది ప్రశ్న. 1959 డిసెంబర్ 18న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. నిషిద్ధ మందుల వ్యాపార ప్రకటనకు రాజ్యాంగం ఇచ్చిన వాక్ స్వాతంత్ర్యపు రక్షణ వర్తించదని తేల్చింది. అదే సమయంలో, వ్యాధుల జాబితాను ప్రభుత్వం తన ఇష్టం వచ్చినట్టు పొడిగించే అధికారాన్నీ, సోదాలు జరిపి స్వాధీనం చేసుకునే సెక్షన్‌నూ కొట్టేసింది. వ్యాపార ప్రకటనకూ కొంత రాజ్యాంగ రక్షణ ఉందని ఆ కోర్టే 1995లో మరో కేసులో ఒప్పుకోవడం తర్వాతి కథ. అయినా 1954 చట్టం మాత్రం బతికే ఉంది. 2024లో పతంజలి సంస్థ ప్రకటనల కేసు విచారణలో మళ్లీ దేశమంతా దాని పేరు విన్నది.

చట్టం వచ్చి ఏడు దశాబ్దాలైంది. గోడలు దాన్ని చదవలేదు. పత్రికల్లో బాహాటంగా చెప్పలేనిదాన్ని పట్టాల పక్కన రాశారు. ‘మందు’ అనకుండా ‘సలహా’ అన్నారు. చట్టం అమ్మకందారు గొంతును కొంత తగ్గించింది. అడగాల్సిన మనిషికి మాత్రం నోరు ఇవ్వలేకపోయింది.

బల్లీమారాన్: నాడి పట్టిన చేతులు

లాల్ కువాఁ నుంచి చాందినీ చౌక్ వైపు తిరిగితే బల్లీమారాన్. ఇప్పుడిది కళ్లజోళ్ల బజారు, చెప్పుల బజారు. గాలిబ్ తన చివరి ఏళ్లు గడిపిన ఇల్లు ఈ వీధిలోనే, గలీ ఖాసిం జాన్ మలుపులో ఉంది. ఒకప్పుడు బల్లీమారాన్ అంటే హకీంల పేట. 1857లో ఇంగ్లీషు సైన్యం ఢిల్లీని తిరిగి పట్టుకుని ఇళ్లు దోచుతుంటే ఈ వీధికి పటియాలా మహారాజు సైనికులు కాపలా కాశారు. ఆయన ఆస్థాన హకీంలు ఇక్కడ ఉండటమే కారణం. ఆ కాపలా నీడలోనే గాలిబ్ కూడా బయటపడ్డాడు.

ఆ కుటుంబపు వారసుడే హకీం అజ్మల్ ఖాన్. వీధిలోని షరీఫ్ మంజిల్ ఆయన ఇల్లు. 1921లో కాంగ్రెస్ అధ్యక్షుడు, జామియా మిల్లియాకు తొలి ఛాన్సలర్. ఆయన కట్టించిన ఆయుర్వేద, యునానీ తిబ్బియా కాలేజీని 1921 ఫిబ్రవరిలో కరోల్ బాగ్‌లో గాంధీజీ ప్రారంభించారు. హకీంల కుటుంబంలో పుట్టిన ఈ మనిషి చేసిన అసలు తెగువ వేరే ఉంది. వంశపారంపర్యంగా వచ్చిన మందులను ప్రయోగశాలలో పరీక్షించాలన్నాడు. జర్మనీలో చదివి వచ్చిన రసాయన శాస్త్రవేత్త సలీముజ్జమాన్ సిద్దిఖీని అందుకు పిలిపించాడు.

సిద్దిఖీ చేతికి వచ్చిన మూలికల్లో సర్పగంధి ఒకటి. మన పల్లెల్లో పాతాళగరిడ అంటారు. దాని వేరు నుంచి 1931లో ఆయన విడదీసిన పదార్థానికి, అప్పటికి కన్నుమూసిన అజ్మల్ ఖాన్ పేరే పెట్టారు: అజ్మలీన్. గుండె లయలో దాగిన ఒక అరుదైన లోపాన్ని బయటపెట్టడానికి హృద్రోగ నిపుణులు దాన్ని ఇప్పటికీ వాడతారు. అదే ఏడాది కలకత్తాలో గణనాథ్ సేన్, కార్తీక్ చంద్ర బోస్ సర్పగంధి రక్తపోటును తగ్గిస్తుందని రాశారు. 1949లో బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ రాసిన వ్యాసం ఆ మాటను ప్రపంచానికి చేర్చింది. 1952లో స్విస్ కంపెనీ సీబా ఆ వేరు నుంచి రిసర్పిన్‌ను వేరుచేసింది. రక్తపోటుకు వచ్చిన తొలి ఆధునిక మందుల్లో అది ఒకటి.

ఇందులో ఒక చిత్రం ఉంది. రిసర్పిన్ వాడిన కొందరు మగవాళ్లలో కుంగుబాటు, అంగస్తంభన తగ్గడం దుష్ఫలితాలుగా కనిపించాయి. అది తెలిసింది కూడా మందును పరీక్షకు పెట్టడం వల్లే. ఏది పనిచేస్తుంది, ఎంత మోతాదులో, ఎవరికి చేటు అన్న మూడు ప్రశ్నలు వేసినప్పుడు బల్లీమారాన్ మూలిక ప్రపంచ వైద్యమైంది. ఆ ప్రశ్నలు వేయనప్పుడు అదే మూలిక గోడ మీద ప్రకటనగా మిగిలింది.

ఖారీ బావ్లీ: దురద గింజ నుంచి ఎడారి బల్లి దాకా

బల్లీమారాన్ చాందినీ చౌక్‌లో కలిసే చోట ఎడమకు తిరిగితే, చివర ఫతేపురీ మసీదు. షాజహాన్ బేగం ఒకరు 1650లో కట్టించింది. దాని పక్క నుంచి ఖారీ బావ్లీ మొదలు. అడుగుపెట్టగానే తుమ్ములు. గుంటూరు మిర్చి ఘాటు ఇక్కడ కూడా తెలుగువాణ్ణి గుర్తుపడుతుంది. పసుపు, యాలకులు, ఎండు ఖర్జూరాలు దాటాక మూలికల వరస వస్తుంది. గోనె సంచుల నోళ్లు మడిచిపెట్టి ఉంటాయి. మధ్యప్రదేశ్‌లోని నీమచ్, మంద్‌సౌర్ పొలాల అశ్వగంధ, అంటే మన పెన్నేరుగడ్డ. తెల్లటి పుల్లల్లాంటి సఫేద్ ముస్లీ. నల్లటి తారు ముద్దలా శిలాజిత్. ‘కౌంచ్’ అని పిలిచే నల్ల గింజలు. తాకితే ఒళ్లంతా దురద పుట్టించే మన దూలగొండి కాయల్లోవే అవి.

ఇక్కడ ‘ఎవరికి?’ అని దుకాణదారు అడగడు. కొనేవాడు మాత్రం అడగకుండానే చెబుతాడు, స్నేహితుడికని.

వీటిలో అన్నీ వట్టివి అనలేం. దూలగొండి గింజల్లో ఎల్-డోపా ఉంది. పార్కిన్సన్స్ జబ్బుకు వాడే మందు అదే. అశ్వగంధ మీద చిన్న చిన్న పరీక్షలు జరిగాయి. కానీ అంగస్తంభన లోపానికి ఇదే మందు అని చెప్పగల బలమైన రుజువు ఇంకా ఏ మూలికకూ లేదు. కొన్నిటి ధరను ప్రకృతి చెల్లిస్తోంది. అరచేతి ఆకారపు గడ్డ గల ‘సలం పంజా’ హిమాలయాల్లో పెరిగే ఒక ఆర్కిడ్ మొక్క. తవ్వకాల వల్ల అంతరించే దశకు చేరింది. పిథోరాగఢ్ కొండల్లో, నేపాల్లో దొరికే ‘కీడా జడీ’, గొంగళిపురుగు మీద మొలిచే బూజు, కిలో లక్షల రూపాయలు పలుకుతుంది. ఇక థార్ ఎడారి బల్లిని కాచి తీసే ‘సాండే కా తేల్’ కోసం వన్యప్రాణి చట్టం రక్షణలో ఉన్న ఒక జీవిని చంపుతారు. ఉత్తరాది సంతల్లోనే కాదు, సరిహద్దు అవతల పాకిస్థాన్ బజార్లలోనూ అది అమ్ముడవుతుంది. దేశాన్ని రెండుగా చీల్చిన విభజన ఈ మూఢనమ్మకాన్ని చీల్చలేకపోయింది.

అసలు ముప్పు మాత్రం గోనె సంచిలో లేదు, రంగు డబ్బాలో ఉంది. ‘నూరు శాతం మూలికలు’ అని రాసి అమ్మే శక్తి గుళికల్లో సిల్డెనాఫిల్‌ను రహస్యంగా కలుపుతున్నట్టు అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ సహా పలు దేశాల అధికారులు పదేపదే పట్టుకున్నారు. వయాగ్రాలో ఉండే మందే అది. అందుకే ఆ గుళిక ‘పనిచేస్తుంది’. ఛాతీ నొప్పి వస్తే నాలుక కింద పెట్టుకునే నైట్రేట్ మాత్ర చాలా ఇళ్లలో ఉంటుంది. ఈ రెండూ ఒకే ఒంట్లో కలిస్తే రక్తపోటు ఒక్కసారిగా కుప్పకూలుతుంది, ప్రాణం పోవచ్చు. తాను మూలికే మింగానని నమ్మే మనిషి ఆస్పత్రిలో ఆ సంగతి చెప్పడు కూడా.

రెండు మిల్లీమీటర్ల గొట్టం

సిల్డెనాఫిల్ కథ కూడా గుండె దగ్గరే మొదలైంది. ఇంగ్లాండ్‌లోని శాండ్‌విచ్‌లో ఫైజర్ శాస్త్రవేత్తలు గుండె నొప్పికి మందు వెతుకుతూ దాన్ని తయారుచేశారు. నొప్పి మీద పెద్దగా పనిచేయలేదు. మరో ‘దుష్ఫలితం’ మాత్రం పరీక్షలో పాల్గొన్న మగవాళ్లు చెప్పారు. అమెరికా 1998 మార్చి 27న వయాగ్రాకు అనుమతి ఇచ్చింది. రక్తనాళాలను వదులు చేసే నైట్రిక్ ఆక్సైడ్ గుట్టు విప్పిన ముగ్గురు శాస్త్రవేత్తలకు నోబెల్ వచ్చిందీ అదే ఏడాది. మందులకు ఉత్పత్తి పేటెంట్ లేని ఆ రోజుల్లో భారతీయ కంపెనీలు 2001 నాటికే సొంత మాత్రలు తెచ్చేశాయి. అసలు వయాగ్రా ఈ దేశపు మార్కెట్‌కు వచ్చింది 2005 డిసెంబర్‌లో.

ఆ మందు పనిచేసే తీరు తెలిస్తే సమస్యా అర్థమవుతుంది. కోరిక కలిగినప్పుడు మెదడు నుంచి నరాల ద్వారా సంకేతం వెళుతుంది. నైట్రిక్ ఆక్సైడ్ విడుదలై రక్తనాళాల గోడలు సడలుతాయి. రక్తం నిండుతుంది, బయటకు పోయే దారులు నొక్కుకుపోతాయి. గట్టిదనం అంటే అంతే, నిలిచిన రక్తం. ఆ సడలింపును త్వరగా ముగించే ఎంజైమును సిల్డెనాఫిల్ అడ్డుకుంటుంది. కోరికను అది పుట్టించదు. దెబ్బతిన్న రక్తనాళాన్ని బాగుచేయదు.

రక్తనాళం దెబ్బతినడమే అసలు విషయం. పురుషాంగానికి రక్తం తెచ్చే ధమని వ్యాసం ఒకటి రెండు మిల్లీమీటర్లు. గుండెకు రక్తం ఇచ్చేవి మూడు నాలుగు. పొగాకు, చక్కెర, కొవ్వు, రక్తపోటు ఒంట్లోని గొట్టాలన్నిటినీ ఒకేసారి పాడుచేస్తుంటే సన్నది ముందు మొరాయిస్తుంది. ఇటలీలోని మిలన్‌లో ఛాతీ నొప్పితో వచ్చి, గుండె ధమనుల్లో పూడికలు బయటపడిన 300 మందిని వైద్యులు ప్రశ్నించారు. 2003లో వెలువడిన ఆ అధ్యయనంలో దాదాపు సగం మందికి అంగస్తంభన సమస్య ఉన్నట్టు తేలింది. వాళ్లలో మూడింట రెండొంతుల మందికి ఆ సమస్య గుండె నొప్పి కంటే ముందే, సగటున మూడేళ్లకు పైగా ముందే మొదలైంది.

మూడేళ్లు. రక్తపోటు అదుపు చేయడానికి, సిగరెట్ మానడానికి, కొవ్వు తగ్గించే మాత్ర మొదలుపెట్టడానికి చాలిన కాలం. ఆ మూడేళ్లూ మాజూన్ డబ్బాల్లో, లాడ్జి గదుల్లో గడిచిపోతే పోయేది డబ్బు ఒక్కటే కాదు. భారత వైద్య పరిశోధన మండలి 2023లో వెల్లడించిన సర్వే ప్రకారం దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉంది. మసాచుసెట్స్ అధ్యయనంలో పూర్తి అంగస్తంభన లోపం మధుమేహుల్లో సుమారు మూడు రెట్లు ఎక్కువగా కనిపించింది. చక్కెర జబ్బు ఉందని తెలియని మగవాడికి ఆ సంగతి మొదట పడకగదిలో తెలిసే అవకాశం తక్కువేమీ కాదు.

తొమ్మిదో స్టేషన్

చాందినీ చౌక్‌లో మళ్లీ మెట్రో ఎక్కితే చావ్‌డీ బజార్, న్యూఢిల్లీ, రాజీవ్ చౌక్, తర్వాత ప్రభుత్వ కార్యాలయాల స్టేషన్లు. జోర్ బాగ్, ఐఎన్‌ఏ దాటితే ఎయిమ్స్. 1956లో ఏర్పడిన ఈ ఆస్పత్రి గేటు ముందు బిహార్, ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చిన కుటుంబాలు దుప్పట్లు పరుచుకుని ఉంటాయి. లోపల ఓపీ చీటీ కోసం వరస. ఇక్కడ గోడల మీద ఏ వాగ్దానమూ లేదు, గది నంబర్లు, బాణం గుర్తులు తప్ప.

పట్టాల పక్కన రాతలు చదివి పెరిగిన మగవాళ్ల భయానికి వైద్యశాస్త్రంలో ఒక పేరు ఉంది: ధాత్ సిండ్రోమ్. మూత్రంలో వీర్యం పోతోందని, దాంతో శక్తంతా హరించుకుపోతోందని యువకులు పడే ఆందోళన. వీర్యపు బొట్టు ఎన్నో రక్తపు బొట్లకు సమానమన్న పాత నమ్మకం దాని వేరు. 1960లో ఆ పేరు పెట్టిన మానసిక వైద్యుడు నరేంద్రనాథ్ విగ్ 1980ల్లో ఎయిమ్స్ మానసిక వైద్య విభాగానికి అధిపతిగా ఉన్నారు. ఒంట్లో లోపం లేకున్నా భయమే లోపాన్ని సృష్టించగలదు. ఒకసారి విఫలమైన మనిషి రెండోసారి పరీక్ష రాసే విద్యార్థిలా మంచమెక్కుతాడు, ఆ బెదురే మళ్లీ ఓడిస్తుంది.

అందుకే వైద్యులు అడిగే తొలి ప్రశ్నల్లో ఒకటి చాలామందిని ఆశ్చర్యపరుస్తుంది: నిద్ర లేచేసరికి స్తంభన ఉంటోందా? ఉంటే నరాలు, రక్తనాళాలు చాలావరకు బాగున్నట్టు. చిక్కు మనసులోనో, దాంపత్యంలోనో, ఉద్యోగపు ఒత్తిడిలోనో ఉండొచ్చు. లేకపోతే, అందులోనూ నెలల తరబడి మెల్లగా తగ్గుతూ వస్తే, ఒంటి వైపు చూడాలి. రక్తపోటు, చక్కెర, కొలెస్టరాల్, పొద్దున్నే తీసే టెస్టోస్టిరాన్ పరీక్ష. వాడుతున్న మందుల జాబితా కూడా అడుగుతారు. రక్తపోటుకు, కుంగుబాటుకు ఇచ్చే కొన్ని మాత్రల వల్ల కూడా ఇది రావచ్చు. అలాగని వాటిని సొంతంగా మానేయడం ప్రమాదం. మార్చమని వైద్యుణ్ణే అడగాలి.

వయసుతో వచ్చే మార్పు అంతా జబ్బూ కాదు. యాభై దాటాక స్తంభనకు ఎక్కువ సమయం పట్టడం, పాతికేళ్లప్పటి గట్టిదనం లేకపోవడం, ఒకసారి కలిశాక మళ్లీ సిద్ధం కావడానికి వ్యవధి పెరగడం సహజం. మోకాళ్లు ఒప్పుకున్నదాన్ని మనసు ఒప్పుకోకపోవడమే ఇక్కడి తంటా.

చికిత్స కూడా మాత్రతో మొదలై మాత్రతో ముగిసేది కాదు. సిల్డెనాఫిల్ లాంటివి చాలామందికి పనిచేస్తాయి, అయితే గుండె పరిస్థితి చూసిన వైద్యుడి చీటీ మీదే. అవి పనిచేయకపోతే ఇంజెక్షన్లు, వాక్యూమ్ పరికరాలు, చివరికి శస్త్రచికిత్స ఉన్నాయి. అన్నిటికంటే చవకైనది ఇంకొకటి ఉంది. ఇటలీలో స్థూలకాయం, అంగస్తంభన సమస్య ఉన్న మగవాళ్లకు రెండేళ్లు ఆహార నియమం, నడక నేర్పి చూశారు. 2004లో వచ్చిన ఫలితాల్లో దాదాపు మూడోవంతు మంది సమస్య నుంచి బయటపడ్డారు. ఖారీ బావ్లీలో ఏ గోనె సంచీ ఆ లెక్క చూపించలేదు.

ఈ మాటలు సామాన్యుడికి చేర్చిన వైద్యులు లేకపోలేదు. విజయవాడ డాక్టర్ జి.సమరం దశాబ్దాల పాటు తెలుగు పత్రికల్లో పాఠకుల ప్రశ్నలకు సూటిగా జవాబులిచ్చారు. ముంబైలో మహీందర్ వత్స ఎనభై దాటాక మొదలుపెట్టిన పత్రికా శీర్షికను 2020లో మరణించేదాకా వదల్లేదు. ఉత్తరం మీద పేరు రాయనక్కర్లేదు కాబట్టే జనం వాళ్లను అడగగలిగారు. అడిగినవాళ్లలో భార్యలు కూడా ఉన్నారు. గోడ ఎప్పుడూ పట్టించుకోని రెండో మనిషి ఆమె. భర్త దూరం జరుగుతుంటే తనలో లోపమేమో అనుకునేదీ ఆమే, రక్తపోటు చూపించుకోమని వెంటబడి తీసుకెళ్లగలిగేదీ ఆమే.

బల్లీమారాన్ హకీం ఎదుట కూర్చున్న రోగి ముందు చేయి చాపాలి. మూడు వేళ్లతో మణికట్టు నొక్కి ఆయన నాడి వింటాడు. ఎయిమ్స్‌లోనూ ముందు చేయే చాపమంటారు. మోచేతి పైన పట్టీ చుట్టి గాలి నింపుతారు. పద్ధతులు వేరైనా, యునానీ అయినా అల్లోపతి అయినా, నెత్తురు ఎలా నడుస్తోందో చూడకుండా మంచి వైద్యుడు మందు రాయడు. సాయంత్రం తిరుగు ప్రయాణపు రైలు న్యూఢిల్లీ వదిలాక నిజాముద్దీన్, ఓఖ్లా గోడలు మళ్లీ కిటికీ పక్కకు వస్తాయి. వాటి మీద ఫోన్ నంబరు ఉంది, హామీ ఉంది. చేయి చాపమని అడిగేవాళ్లు మాత్రం లేరు.